కొలతకు కుట్టిన ఇల్లు

ఎన్నో ఊళ్లు తిరిగాను, కోటలూ చూశాను. మా వీధి చివర దర్జీ ఆవిడ చెక్క ఇల్లంత ఒంటికి అతికిన ఇల్లు మాత్రం చూడలేదు. మెడలో టేపుతో తానే కట్టుకుంది. ప్రతి అరనూ చెయ్యి చాచి చూసుకున్నాకే మేకు కొట్టేది. ఒంటరి చెల్లెలు తన మేడలోనే ఉండాలని పట్టుబట్టిన అన్న, ఓ రోజు అమ్మ పెద్ద మంచాన్ని బండిలో తెచ్చి గుమ్మం ముందు దింపాడు.

"మంచం లోపల పట్టిందా, ఇక్కడే ఉండు, నీ ఇష్టం. పట్టకపోతే సామాను సర్దుకో. ఇది ఇల్లా, అగ్గిపెట్టా?"

ఆవిడ టేపు పట్టి చూసి, రంపం అందుకుంది.

"ఒసేయ్, అది అమ్మ మంచమే!"

"అమ్మ చీర కత్తిరించి నీకు చొక్కా కుట్టినప్పుడు మురిసిపోయావుగా, అన్నయ్యా? కదలకుండా ఆ కోడు పట్టుకో."

అన్న గొణుక్కుంటూనే పట్టుకున్నాడు. పొద్దుగూకకముందే మంచం గుమ్మం దాటింది. దాని వెనకే, తల తగలకుండా వంగి, అన్నా లోపలికి వెళ్లాడు.