తొమ్మిదేళ్ళ పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కుంభారి బస్సులో కూర్చుని ఆవిడ మీదే చిరాకు పడుతున్నాను. ముందురోజు సాయంత్రం ఫోన్లో ఆడే ఆటలో తన కోళ్ళను మా అమ్మాయికి అప్పజెప్పి, "ఛాతిల జరా మంటగ ఉన్నదే, ఇయ్యాల నువ్వే సూస్కో" అని చెప్పి వెళ్ళిపోయిందట. ఆ కోళ్ళ ధ్యాసలో పడి మా అమ్మాయి పొద్దున బడికి ఆలస్యం చేసింది. ఇంటికి వెళ్ళగానే పెద్దమ్మకు ఫోన్ చేసి నాలుగు మాటలు అందామని మనసులో కూడబలుక్కుంటున్నాను. అనడానికి మనిషే లేకుండా పోయింది. ఏడుపు వచ్చింది. దాంతోపాటే ఒక భయం కూడా పట్టుకుంది. ఈ మాట వింటే మా అమ్మాయి మళ్ళీ నోరు మూసుకుంటుందేమోనని.

ఎదురిల్లు అన్నది పాత లెక్క. ఈ మరాఠీ పట్నం నడుమ కుంఠా నాకాలో మా గల్లీ వదిలి ఊరి బయట కుంభారి కాలనీకి వచ్చేశాక కూడా ఆవిడ మాకు ఎదురింటి పెద్దమ్మే. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు, మగ్గాలు నడిపే మగవాళ్ళకు, పాలు పోసే మరాఠీ ఆయనకు, ఆఖరికి సొంత కోడలికి కూడా పెద్దమ్మే. మనిషి పొట్టి, లావు. మోకాళ్ళ నొప్పులతో ఇటూ అటూ ఊగుతూ నడిచేది. గొంతు మాత్రం సాంచాలనే కరెంటు మగ్గాల చప్పుడును దాటుకుని గల్లీ చివరిదాకా వినిపించేది.

రోజూ ఆవిడ ఇంటి ముందు ఆడవాళ్ళందరం ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో నేనూ చుట్టాను. నా చేయి చురుకు. కానీ ఏం లాభం? నా పని అయిపోయిందని లేవబోతే పెద్దమ్మ కొంగు పట్టి కూర్చోబెట్టేది. వెనకబడిన మనిషి చాటలోంచి ఇన్ని ఆకులు తీసి నా చాటలో పోసేది. అందరివీ అయ్యాకే అందరం కలిసి బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్ళాలి. "కలిసి కూసున్నం, కలిసే లేస్తం" అనేది. ఆమెను ఎన్నిసార్లు లోలోపల తిట్టుకున్నానో లెక్క లేదు.

కుంభారికి వచ్చాక నాకు టవళ్ళ కార్ఖానాలో ప్యాకింగ్ పని దొరికింది. మా ఆయన మగ్గం మీదికి పోతే చీకటి పడ్డాకే వస్తాడు. బడి నుంచి వచ్చిన అమ్మాయి నేను వచ్చేదాకా ఒక్కతే ఉండాలి. పాత గల్లీలో ఏ ఇంట్లో తింటుందో ఏ ఇంట్లో పడుకుంటుందో వెతుక్కోవలసిన పిల్ల, ఇక్కడ ఒకే పోలికగా వరసలు కట్టిన ఇళ్ళను చూసి బిగుసుకుపోయింది. బడిలో నోరే తెరవదు. ఒకరోజు టీచరమ్మ నన్ను పిలిచి, పిల్లకు మాటలు వచ్చా అని అడిగింది. దీనికా, మాటలా అని నవ్వాను. బయటికి వచ్చి గోడవారన నిలబడి ఏడ్చాను.

ఆ బడి పిల్లలంతా ఫోన్లలో ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కరు ఒక్కో జంతువు వేషం వేసుకుని, ఇల్లు కట్టుకుని, తోట వేసి, కోళ్ళను పెంచాలి. తెలిసినవాళ్ళంతా కలిసి ఒక వాడ కట్టుకోవచ్చు. మా అమ్మాయి తన తరగతి పిల్లల వాడలో గులాబీ రంగు కుందేలుగా చేరింది. ఆ కుందేలు ఎవరో మాత్రం ఎవరికీ చెప్పలేదు. బడిలో పక్కన కూర్చునే పిల్లతో పలకదు, సాయంత్రం ఆటలో అదే పిల్ల తోటకు నీళ్ళు పోస్తుంది. ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు.

ఒక ఆదివారం పెద్దమ్మను చూడటానికి వెళ్ళాం. ఆవిడ పిల్ల చేతిలోని ఫోన్లోకి తొంగి చూసి, "ఏందే, ఈ కోళ్లు గట్ల మొత్తుకుంటున్నయి? గింజలేసేటోళ్లు లేరా?" అంది. అంతే, ఆమె కొడుకు పాత ఫోన్లోకి ఆట ఎక్కింది. కానీ అది పిల్లల ఆట. పెద్దవాళ్ళను రానివ్వదు.

"వయసు అడుగుతున్నది, పెద్దమ్మా," అంది మా అమ్మాయి.

"ఎంత పెడ్తె లోపటికి తోలుతరు?"

"నేను తొమ్మిది పెట్టిన."

"నాకు సుత తొమ్మిదే పెట్టు. నీ జోడుదాన్నే గద."

మా అమ్మాయి వాడలోనే చేరి, వేషాలన్నీ చూసి చూసి బాతును ఎంచుకుంది. దాని నడక అచ్చం తన నడకలాగే ఉందట. అబద్ధం చెప్పలేదు.

ఆ రోజు నుంచి తంబాకు డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టి, ఒక చేత్తో బీడీలు, ఇంకో చేత్తో కోళ్ళు. చదువు అంతంత మాత్రమే కాబట్టి మైకు గుర్తు నొక్కి మరాఠీలో గట్టిగా అరిచేది. ఫోన్ ఆ మాటలను పిల్లలకు రాసిపెట్టేది. అంత గట్టిగా అరవక్కర్లేదని కొడుకు చెబితే, "కుంభారి దాంక పోవాలె గద" అనేది. ఆటలో చీపురు ఎందుకు లేదని చాలా బాధపడింది. ఇంటికి గోడలు కట్టకుండా చుట్టూ బల్లలే వేసింది. దారిన పోయే తాబేళ్ళు, నక్కలు, ఏనుగులు వచ్చి కూర్చోవాలి కదా! ఆకలితో అరుస్తున్న కోడి ఎవరిదైనా సరే, గింజలు వేయందే కదిలేది కాదు. "పక్కింటి కోడి అర్సుకుంట ఉంటె నాకు బువ్వ ఎట్ల దిగుతది?" అని నన్నే దబాయించింది. అది కోడి కాదు, బొమ్మ అన్నాను. "బొమ్మయితె మరి ఎందుకు అరుస్తున్నది?" అంది.

పండగకు ఆటలో పోటీ పెట్టారు. ఏ వాడలో తోటలు ముందు పూస్తే ఆ వాడకు బంగారు కప్పు. మా పిల్లల వాడ అన్నిటికంటే ముందుంది. సరిగ్గా అప్పుడు బాతు అడ్డం నిలబడింది. తాబేలు వేషం వేసిన పిల్లవాడి తోటలో ఇంకా మొలకలే రాలేదు, అందరూ వెళ్ళి వాడి తోట చేసి రండి, ఆ తర్వాతే మీ పువ్వులు అంది. పిల్లలు గోల గోల చేశారు. ఏం మాయ చేసిందో, చివరికి అందరూ తాబేలు తోటలోనే దిగారు. కప్పు పోయింది. అందరికంటే ఆఖరున వచ్చారు. మా అమ్మాయి కోపంతో అన్నం ముట్టకపోతే పెద్దమ్మ ఫోన్లో, "కప్పు తెచ్చి ఏం జేస్తవే, అండ్ల చాయ్ తాగొస్తదా?" అంది. విచిత్రం ఏమిటంటే, మన పని పక్కవాళ్ళు చేసిపెట్టే వాడ అని తెలిసి వేరే వాడల సోమరిపోతులంతా వచ్చి చేరిపోయారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఒక సాయంత్రం మా కాలనీలోనే ఉండే ఒకామె ఫోన్ పట్టుకుని మా తలుపు కొట్టింది. తాబేలు వాళ్ళ అమ్మ. తరగతి పిల్లల తల్లులందరికీ జాగ్రత్త చెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతోంది.

"అక్కా, మీ పోరి ఈ ఆటల ఉన్నదా? ఈ బాతు ఎవరో ఎరికేనా? తొమ్మిదేండ్లంట! తొమ్మిదేండ్ల పోరి 'మీ అమ్మ డ్యూటికి ఎప్పుడు పోతది, ఇంట్ల ఎవరుంటరు, తలుపుకు గొళ్లెం సక్కగ పడుతదా' అని అడుగుతదా? ఎవడో దొంగనాయాలు పిల్లల్ల సొచ్చిండు. నేనయితె పోలీసు కంప్లేట్ ఇస్త."

ఆమె భయంలో తప్పేమీ లేదు. మా గల్లీలో ఎదురైన ప్రతి పిల్లనూ పెద్దమ్మ అడిగే ప్రశ్నలే అవి. అక్కడ వింటే అభిమానం, ఫోన్లో చదివితే వణుకు. నేను ఆమెను లోపలికి పిలవబోతుంటే మా అమ్మాయి నా వెనక నుంచి బయటికి వచ్చింది. కుంభారికి వచ్చాక పరాయి మనిషితో మొదటిసారి మాట్లాడింది.

"అది దొంగ కాదు. మా పెద్దమ్మ."

ఆమె నమ్మలేదు. ఫోన్ కలిపి ఇచ్చాను. పెద్దమ్మ భయపడలేదు సరికదా, ఎదురు అందుకుంది. "పోరన్ని ఒక్కన్ని ఇంట్ల ఇడ్సిపెట్టి పోతవు, అడగకపోతె ఎట్ల? ఎవ్వరు లేకపోతె పక్కింటామెకు జరా సూడుమని చెప్పిద్దమనుకున్న. అయినా నీ కొడుకు రెండు దినాలకెళ్లి ఉత్త బిస్కిట్లు తింటుండట, నీకు ఎరికేనా?"

తాబేలు వాళ్ళ అమ్మ మొహం చూడాలి. బిస్కెట్ల సంగతి ఆమెకు తెలియదు.

ఆదివారం పెద్దమ్మ బస్సెక్కి కుంభారికి వచ్చింది, తన వయసు తానే నిరూపించుకోవడానికి. బాతును చూడాలని పిల్లలంతా స్టాపు దగ్గర కాపు కాశారు. కండక్టరు చేయి పట్టుకుని దిగి, చేతిలో పల్లీపట్టీల సంచితో ఊగుతూ నాలుగు అడుగులు వేసిందో లేదో, "అరే, ఖరేనే, నిజంగ బాతురా!" అని ఎవడో అరిచాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. తర్వాత మా అమ్మాయి చేయి పట్టుకుని ముందుకు లాగింది.

"ఇగో, మీ అందరి తోటలకు నీళ్లు పోసే కుందేలు ఇదే. దీనికి మాటలు రావనుకుంటున్నరట. నాతోని మాట్లాడబడితె నా చెవులు నొస్తయి."

"నువ్వా?" అంది పక్కన కూర్చునే పిల్ల. ఆ సాయంత్రం నేను మా అమ్మాయిని మళ్ళీ ఇళ్ళ వెంట వెతుక్కున్నాను.

తాబేలు వాళ్ళ అమ్మ చాయ్ ఇచ్చింది కానీ పట్టు వదల్లేదు. పెద్దవాళ్ళు పిల్లల పేరుతో రాకూడదు, వస్తే ఆ సంగతి చెప్పాలి, ఆడే పిల్లల పక్కన వాళ్ళ తల్లులు ఉండాలి అంది. పెద్దమ్మ ఒప్పుకుని, ఆటలో తన ఇంటి ముందు 'ఇక్కడ ముసలమ్మ ఉంది' అని బోర్డు రాయించింది. ఇక పిల్లల పక్కన కూర్చున్న తల్లులు ఊరుకుంటారా? పదిహేను రోజుల్లో నేనూ తాబేలు వాళ్ళ అమ్మా ఆటలోని లేని గోడ కోసం, లేని గుమ్మడి తీగ కోసం బస్సులో మాటలు మానేశాం. "పోరలు మంచిగ ఆడుకుంటున్నరు, మీకేం పుట్టిందే?" అని పెద్దమ్మ మళ్ళీ బస్సెక్కి వచ్చి ఇద్దరి చేతుల్లోంచీ ఫోన్లు గుంజుకుంది.

అలాంటి మనిషి పోయిందని చెబితే మా అమ్మాయి ఏడవలేదు. అలా అని మాట్లాడనూ లేదు. రెండు రోజులు ఒక్క ముక్క లేదు. ఫోన్ ముట్టలేదు.

మూడోనాడు శ్మశానం పక్క మైదానంలో పిట్టకు పెట్టారు. జొన్నరొట్టె, పల్లీల చట్నీ, మిర్చి భజ్జీలు, ఆవిడకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, మా అమ్మాయితో సహా అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో దిగులు మిగిలినట్టు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది. దిగదు.

ఇంతలో తాబేలు వాళ్ళ అమ్మ వాడలోని పిల్లలందరినీ వెంటేసుకుని బస్సు దిగి వచ్చింది. ఒక పెద్దాయన వాళ్ళను ఆపి, "ఎవరి పోరలు మీరు? ఆమె మీకేమైతది?" అన్నాడు.

"మా వాడల ఉంటది," అన్నారు పిల్లలు.

"ఏ వాడ?"

"కాకా, నీకు సమజ్ కాదు, ఇడ్సిపెట్టు," అంది తాబేలు వాళ్ళ అమ్మ.

పెద్దమ్మ కొడుకు దండం పెట్టి, గుట్కా బంద్ చేస్తానన్నాడు. కాకి కదల్లేదు. కోడలు ముందుకు వచ్చి, ఆడబిడ్డతో మళ్ళీ మాట్లాడతానంది. కాకి ఇంకాస్త దూరం జరిగి కూర్చుంది. చాయ్ పెట్టలేదని ఎవరో గుర్తు చేస్తే చాయ్ తెప్పించారు. లాభం లేదు. నేనూ చేతులు జోడించాను. "పెద్దమ్మా, పిల్ల గురించి రంది పెట్టుకోకు, నేను సూస్కుంట" అన్నాను. నా మాట నాకే నమ్మకం కలగలేదు. కాకి మాత్రం ఎలా నమ్ముతుంది?

ఎండ ఎక్కింది. ఆకు మీద ఈగలు వాలుతున్నాయి. అందరం తీగ వైపే చూస్తున్నాం. అప్పుడు వెనక నుంచి పెద్ద అరుపు.

"ఏయ్, నువ్వు అవుటే! దొంగాట ఆడితె ఊకోను సూడు! నేను ముట్టిన, ఖరేనే ముట్టిన!"

నిలబడి నిలబడి విసుగెత్తిన పిల్లలు మైదానంలో ముట్టుడాట మొదలుపెట్టారు. ఆ గొంతు మా అమ్మాయిది. సాంచాల మీదుగా కూడా వినిపించేంత గొంతు. ఇదేం పద్ధతి అని పెద్దాయన గద్దించబోతే నేను ఆయన చేయి పట్టుకుని ఆపాను. అందరం అటే తిరిగి చూస్తూ ఉండిపోయాం.

"ముట్టింది, ముట్టింది!" అని పెద్దమ్మ కొడుకు అన్నాడు. ఆకులో భజ్జీ లేదు. పిట్ట ఎప్పుడు దిగిందో ఎవ్వరమూ చూడలేదు. నేను అప్పుడు కూడా తల తిప్పలేదు. మైదానం మధ్యలో జడ ఊడిపోయి, ఒక చేత్తో తాబేలు చొక్కా పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ మా అమ్మాయి ఇంకా అరుస్తూనే ఉంది.