బుగ్గమ్మ చెయ్యి

ఎనభై దాటిన ముసలమ్మకు కబడ్డీ జట్టు ఎందుకని తాండూరు హోటళ్లలో నవ్వుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే మనుషులు, అదే బల్లల దగ్గర కూర్చుని, మేం ముందే చెప్పలేదా అంటున్నారు. ఇప్పుడు ఇంకా ఎక్కువ మండుతోంది. వాళ్లు చెప్పింది వయసు గురించి. మా కొంప ముంచింది వయసొక్కటే కాదు.

నా పేరు డేవిడ్. పగలు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌ని. సాయంత్రమైతే తల మీది రాతిపొడి దులుపుకుని 'తాండూరు పొట్టేళ్లు' జట్టుకు కోచ్‌ని. ఆ జట్టుకు ఓనర్ బుగ్గమ్మ. గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి. ఆమె భర్త మల్లప్పకు ఊరి బయట రాళ్ల చెలక ఒకటి ఉండేది. జొన్న కూడా సరిగ్గా పండని ఆ చెలక కింద నాపరాయి పడేసరికి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. మల్లప్పకు కబడ్డీ పిచ్చి. జాతరల్లో ఆడే పిల్లలను ఇంటికి తెచ్చి తిండి పెట్టి ఆడించేవాడు. ఆయన పోయాక ఆమె ఇక ఈ సంత ఎత్తేస్తుందని అందరూ అనుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, బుగ్గమ్మ మందలోంచి పొట్టేళ్లు అమ్మి పిల్లలకు బూట్లు కొనిపెట్టింది.

తర్వాత జిల్లాల లీగ్ వచ్చింది. ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవడం, సీజన్‌కింత అని జీతాలు ఇవ్వడం మొదలయ్యాయి. మిగతా ఓనర్లందరూ ప్లాట్లు అమ్ముకునే నలభై ఏళ్లవాళ్లు. వేలానికి బుగ్గమ్మ భుజాన గొంగడి వేసుకుని వచ్చింది. అవ్వా, ఇది గొర్రెల సంత కాదని ఒకాయన ఎగతాళి చేశాడు. ఆమె ఆయన్ను కిందికీ మీదికీ చూసింది.

"గొర్రెనైతే నోరు తెరిచి పండ్లు చూసి కొంటం కొడుకా. నువ్వు గీళ్లను ఏం జూసి కొంటున్నవ్, మీసాలా?"

హాలంతా నవ్వింది. ఆ రోజు ఆమె తక్కువ ధరకు కొన్న ఇద్దరు కుర్రాళ్లే ఆ ఏడు మమ్మల్ని ఫైనల్‌కు తీసుకెళ్లారు. బేరం బిగిసేటప్పుడు ఆమె కన్నడంలోకి దిగిపోయేది. అవతలివాడికి అర్థమయ్యేలోపు బేరం అయిపోయేది. ముసలివాళ్లు జట్టు నడపగలరా అని నన్ను అడిగితే, ఆ రోజుల్లో అయితే పగలబడి నవ్వేవాణ్ని.

మా జట్టుకు ఒక ఆనవాయితీ ఉంది. ఆట మొదలయ్యే ముందు పిల్లలంతా వరసగా కూర్చుని కాళ్లు చాపుతారు. అవ్వ ఒక చివరి నుంచి గొంతుకూర్చుని జరుగుతూ వస్తుంది. ఒక్కొక్కరి మడమ, పిక్క, మోకాలు బొటనవేలితో నొక్కి చూస్తుంది. కుంటే గొర్రెను చీకట్లో కూడా చెయ్యి పెట్టి పట్టిన మనిషి. పిక్క మీద చరిచిందా, వాడు ఆడతాడు. కాలి మీద గొంగడి కప్పిందా, వాడు ఆ రోజు కూర్చుంటాడు. అడగడాల్లేవు, బతిమాలడాల్లేవు. ఆమె మనవడు పరమేశ్ మాకు ఆడుతున్నప్పుడు, వాడు బాగున్నాడు, ఆడించుదామని నేనే అన్నాను. ఆమె కప్పింది. వాడు ఏడ్చాడు. తర్వాత ఎక్స్‌రే తీయిస్తే కాలి ఎముకలో సన్నటి పగులు. అప్పటి నుంచి ఆ చేతి మీద నాకూ గురి కుదిరింది. పిల్లలకైతే ఇక చెప్పక్కర్లేదు. ఎక్కడ నొప్పి ఉందో వాళ్లు నోటితో చెప్పడమే మానేశారు. అవ్వ చూస్తది గదా అనేవారు.

అసలు రోగం అక్కడే పుట్టింది. మాకు తెలియలేదు.

ఒక పొద్దున ఆమె ఇంట్లో జీతాల సంగతి మాట్లాడుతున్నాం, నేనూ, పరమేశూ. అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది. మాట్లాడుతూనే పెనం అంచు ఉత్త చేత్తో పట్టుకుని పక్కకు జరిపింది. కాలిన వాసన ముందు మాకొచ్చింది. ఆమె మాత్రం పెనం వదలకుండా కొత్త రైడర్ జీతం గురించి చెబుతూనే ఉంది. పరమేశ్ పరిగెత్తి చెయ్యి లాగాడు. వేళ్ల మీద తోలు ఊడి వచ్చింది. పొయ్యి ముందర పెరిగిన చేతులు, వేడికి ఏమైతయ్ అని ఆమె తేలిగ్గా తీసిపారేసింది. నేను పరమేశ్‌ను బయటికి రమ్మని సైగ చేశాను.

వాకిట్లోకి వచ్చాక పరమేశ్ నిజం చెప్పాడు. ఏడాది కిందటే వికారాబాద్‌లో డాక్టరుకు చూపించాడట. షుగరు నరాలను తినేసింది, వేళ్లకు స్పర్శ పోయింది, తిరిగి రాదు అన్నాడట. కళ్లలో పొర కూడా ముదిరింది. మొహాలు మసకగానే కనిపిస్తాయి. మరి ఇన్నాళ్లూ ఆ కాళ్లన్నీ ఎలా చూస్తోందిరా అని అడిగాను.  ఇక కాళ్లు చూడొద్దని అవ్వకు చెబితే జట్టునే అమ్మేస్తానంటుందని వాడి భయం. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?

నేనే కట్టబోయాను. మర్నాడే వెళ్లి ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పాను. జట్టు నీదే, బేరాలు నువ్వే చెయ్యి, ఎవర్ని కొనాలో ఎవర్ని వదలాలో నువ్వే చెప్పు, కాళ్లు చూడటం మాత్రం డాక్టరుకు వదిలెయ్యమన్నాను. ఆమె కాలిన వేళ్లను గొంగడిలో దాచుకుంది.

"వేళ్లు మొద్దువడ్డయి. చెయ్యి మొద్దువడలే డేవిడూ," అంది. "నీకు పిలగాండ్లను ఉరికిచ్చుడు అప్పజెప్పిన. గా పని జేస్కో."

అబద్ధం ఆడిందని నేననుకోను. నిజంగానే నమ్మింది. అరవై ఏళ్లు నిజం చెప్పిన చెయ్యి, ఇప్పుడు ఏమీ చెప్పకపోతే, ఏ దోషమూ లేదనే అర్థం చేసుకుంది. ఏమీ తెలియకపోవడం, ఏమీ లేకపోవడం ఆమెకు ఒకటైపోయాయి. వేళ్లు మొద్దుబారినప్పటి నుంచి ఎవరి కాలి మీదా గొంగడి పడలేదు. ఈ ఏడు మన పిలగాండ్లకు దిష్టి తగల్లేదు, అందరి కాళ్లూ మంచిగున్నయని సంబరంగా చెప్పుకునేది. వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

పిల్లలకూ చెప్పాను. షుగరు అవ్వకొచ్చింది గానీ అవ్వ చేతికి రాలేదన్నారు. అలా అన్నవాళ్లలో మొదటివాడు యోబు.

యోబుది మోమిన్‌పేట్ దగ్గర ఊరు. అమ్మ నాగవ్వ కందిచేలలో కూలికి పోతుంది. బక్కపలచని మనిషి, కూతకు వెళ్తే మాత్రం ఏడుగురి మధ్యలోంచి పాదరసంలా జారి వచ్చేవాడు. నిరుడు సెమీఫైనల్ వికారాబాద్‌లో పడింది. ఆ ఆట చూడటానికి రైల్వే జట్టువాళ్లు వస్తున్నారని కబురు. వాళ్ల కంట్లో పడితే ఉద్యోగం ఖాయం. నాగవ్వ ఇక చేలలో నడుం వంచక్కర్లేదు. వారం ముందు నుంచే యోబు కుడి మోకాలు వాచి ఉంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం నేను చూశాను. స్కానింగ్ తీయిద్దాం, ఈ ఒక్క ఆట వదిలెయ్యమని చెప్పాను. వాడు వినలేదు.

"అవ్వ కప్పితే కూసుంట సార్. ఒట్టు. అవ్వ కప్పకుంటే మాత్రం ఆడ్త."

వాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆ మోకాలు ఆగుతుందో ఆగదో ఎవరో ఒకరు చెప్పాలి, ఆ మాట అవ్వే చెప్పాలి. నేను పరుగున బుగ్గమ్మ దగ్గరికి వెళ్లి, ఏం తెలిసినా తెలియకపోయినా యోబు కాలు కప్పమని చేతులు జోడించాను. నా టీమ్‌లో నాకే చెప్పేటోడివైనవా అని ఒక్క మాట అంది. గొంగడి సర్దుకుని వరస దగ్గరికి నడిచింది. యోబు దగ్గర ఎక్కువసేపే ఆగింది. వాచిన మోకాలి చుట్టూ బొటనవేలు తిప్పింది. వాడు పళ్లు బిగబట్టి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె పిక్క మీద చరిచింది. వాడి మొహం వెలిగిపోయింది.

మూడో కూతలో పోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తొయ్యలేదు. వెనక్కి తిరగబోయాడు, ఒళ్లు తిరిగింది గానీ మోకాలు తిరగలేదు. ఆ చప్పుడు గీత బయట నిలబడ్డ నాకు వినపడింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. అవ్వ డబ్బుకు వెనకాడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆసుపత్రి వరండాలో రాత్రీ పగలూ కూర్చుంది. నడవగలడు గానీ ఆడలేడని డాక్టరు తేల్చేశాక, గ్రౌండ్‌కు నీళ్లు ఎక్కువ కొట్టారని, జారిందని, ఆటన్నాక అవుతుందని నాగవ్వకు చెప్పింది. నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. మంచం మీంచి యోబు ఇదంతా విన్నాడు. ఆ ఆటకు ముందు గ్రౌండ్ ఎండిపోయి ఉందని వాడికి తెలుసు.

ఈ ఏడు సీజన్ మొదటి ఆట తాండూరులోనే. మళ్లీ వరస, మళ్లీ చాపిన కాళ్లు. నాకు ఈసారి భయం సందీప్ అనే కొత్త కుర్రాడి గురించి. చీలమండ దగ్గర ఏదో తేడా ఉంది. ఆడించనని నేనంటే, అవ్వ చూడనీ సార్ అన్నాడు. ఏం చెయ్యాలో తోచక పరమేశ్ వైపు చూశాను. వాడు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు గేటులోంచి యోబు వచ్చాడు, చేతికర్రతో. పాత జెర్సీ, పాత నిక్కరు వేసుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. సందీప్‌కు ముందు కాస్త చోటు చేసుకుని, కర్ర వెనక పడేసి, నేల మీద కూర్చోవడానికి నానా తిప్పలు పడి, కుడికాలు చాపాడు. మోకాలికి అడ్డంగా కుట్ల మచ్చ జెర్రిలా ఉబ్బి ఉంది. పిల్లలంతా చూశారు.  నేను ఆపి ఉండవచ్చు. ఆపలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

అవ్వ జరుగుతూ వచ్చింది. ఒక పిక్క చరిచింది, ఇంకో పిక్క చరిచింది. యోబు దగ్గర గొంతుకూర్చుని మోకాలు పట్టుకుంది. బొటనవేలు సరిగ్గా కుట్ల మీద నుంచే పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పిక్క మీద గట్టిగా చరిచింది.

"ఏం గాదు. ఆడు."

"అవ్వా, నేను యోబును," అన్నాడు వాడు.

ఆమె చెయ్యి తియ్యలేదు. కాసేపటికి రెండో చెయ్యి కూడా వేసింది. రెండు చేతులతో ఆ మోకాలినంతా తడిమింది, కింద పడ్డ సూదిని వెతుక్కున్నట్టు. కుట్లు యాడున్నయని అడిగింది, చాలా మెల్లగా. యోబు ఆమె వేలు పట్టుకుని తీసుకెళ్లి ఆ జెర్రి మీద పెట్టాడు. గీడ అన్నాడు. ఆమె వేలు అక్కడే ఉంచి ఎదురుచూసింది. మేమందరం ఎదురుచూశాం.

"తెలుస్తలేదు కొడుకా," అంది. "రెండేండ్ల సంది ఏం తెలుస్తలేదు."

భుజం మీది గొంగడి తీసింది. తన కాలి మీదే కప్పుతుందనుకుని సందీప్ బిగుసుకుపోయాడు. ఆమె అక్కడే మట్టిలో చతికిలబడి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, వాటి మీద గొంగడి కప్పుకుంది.

 తర్వాత సందీప్ లేచి, కుంటుతూ నా దగ్గరికి వచ్చి, చీలమండ బాగా నొప్పిగా ఉంది సార్, నేను ఆడలేను అన్నాడు. నోటితో చెప్పాడు. మా జట్టులో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. వాడిని కూర్చోబెట్టి మిగతావాళ్లను గ్రౌండ్‌లోకి పంపాను. వరస ఖాళీ అయింది. యోబు ఒక్కడే కాలు చాపుకుని మిగిలాడు. వాడు లేవాలంటే ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. ఎదురుగా ఉన్నది అవ్వే. ఆమె చేతులు గొంగడి కిందే ఉన్నాయి. నేను వెళ్లి లేపాను.