తాండూరు మొహియుద్దీన్, మా చర్చి గిటారు

నేను ఎవర్నీ ఊరికే నమ్మను. వికారాబాదులో మా చర్చిని పదహారేళ్ళు ఊడ్చి తుడిచినదాన్ని, నమ్మితే ఏమవుతుందో నాకు తెలుసు. చెంబు పోతుంది, చాప పోతుంది, ఆఖరికి గంట కొట్టే తాడు కూడా పోతుంది. అందుకే విడిగా ఊడివచ్చే ముక్క ఏది కనబడినా దాని వస్తువుకే దాన్ని కట్టేసేదాన్ని. పెన్సిలును పుస్తకానికి, మూతను కుండకు, తాళాన్ని గొళ్ళేనికి. సంతోషమ్మ ముడి అంటే చర్చి మొత్తానికి తెలుసు. మూడు మెలికలు వేసి బిగిస్తాను, నేను తప్ప ఇంకొకరు విప్పలేరు.

చెప్పదలచుకున్నది నా గురించి కాదు, తాండూరులో రేడియోలు బాగుచేసే మొహియుద్దీన్ గురించి. కానీ నా బుద్ధి ఎలాంటిదో తెలియకపోతే ఆయన ఎలాంటివాడో తెలియదు. అందుకని ముందే చెప్పేశాను.

1986లో మా చర్చి కమిటీలోని మత్తయ్య దుబాయి నుంచి తిరిగివచ్చి చర్చికి ఒక బేస్ గిటారు ఇచ్చాడు. నాలుగు లావుపాటి తీగలు. అది మామూలు గిటారు కాదు, పొట్టలో ఒక చదరపు బ్యాటరీ ఉంటుంది, ఆ బ్యాటరీ ఉంటేనే గొంతు లేస్తుంది. మత్తయ్యకు వాయించడం రాదు. మా తమ్ముడు ఏసుదాసుకు ఒక్కడికే వచ్చు. వాడు వారమంతా తాండూరులో బండల పాలిషింగు పని చేస్తాడు. ఆదివారం ఆ గిటారు పట్టుకుంటే, ఈ చేతులేనా రాళ్ళు మోసేవి అనిపించేది నాకు.

రెండు నెలలకే గొడవ మొదలైంది. కొత్త బ్యాటరీ వేసిన ఆదివారం గిటారు గుండెల్లో మోగేది. మరుసటి ఆదివారానికి మొదటి పాటలోనే గొంతు బొంగురుపోయేది, రెండో పాటకల్లా మూగబోయేది. ఆ బ్యాటరీ మా ఊళ్ళో దొరకదు, హైదరాబాదు పోయేవాళ్ళకు చెప్పి తెప్పించాలి. మూడో బ్యాటరీ కూడా అట్లాగే పోయేసరికి మత్తయ్య అందరి ముందూ అనేశాడు.

"గంటసేపు వాయిస్తే అయిపోతదా? దుబాయిల నెలల తరబడి నడిచింది. ఎవరో వారమంతా పెండ్లిండ్లకు తీస్కపోయి వాయిస్తున్నరు."

'ఎవరో' అన్నాడు గానీ చూపంతా ఏసుదాసు మీదే. అంతకు ముందేడు వాడు కొడంగల్‌లో ఒక పెళ్ళి ఆర్కెస్ట్రాలో వాయించి దొరికిపోయాడు. మళ్ళీ ఆ పని చేయనని పాస్టరు అయ్యగారి ముందు మాటిచ్చాకే కొయిర్‌లో ఉండనిచ్చారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుందని, సంగతి తేలకపోతే ఏసుదాసును తీసేస్తామని మత్తయ్య చెప్పాడు. వాడికి ఈ లోకంలో ఉన్న సంబరం ఆ ఒక్క గంటే. అది నాకు తెలుసు.

గిటారు పెట్టే బీరువా తాళంచెవి నా నడుముకే ఉంటుంది. తమ్ముడు ఉండేది నా ఇంట్లోనే. మత్తయ్య మాటకు అర్థం ఏమిటో నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఒళ్ళు మండిపోయింది. మండాల్సింది మత్తయ్య మీద, కానీ నిజం చెప్తున్నాను, మండింది తమ్ముడి మీదే. ప్రతి ఆదివారం పెట్టె తెరిస్తే గిటారుకు కట్టిన నా ముడి నేను వేసినట్టే ఉండేది. అయినా సరే, వీడు నా ముడి వేయడం నేర్చుకున్నాడేమో అనుకున్నాను. ఆ సాయంత్రం వాడు స్నానానికి పోగానే వాడి సంచి బోర్లించాను. పెళ్ళి పందిట్లో అత్తరు చల్లుతారు కదా అని చొక్కా వాసన కూడా చూశాను. బండల పొడి తప్ప ఏమీ లేదు. తలెత్తేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నువ్వు గూడనా అక్కా?" అన్నాడు. ఆ పూట అన్నం తినకుండానే పడుకున్నాడు.

గిటారు వాడి చేతికి ఇవ్వొద్దని మత్తయ్య ముందే చెప్పాడు. అందుకని మర్నాడు పొద్దున్నే, లోపల తప్పేమైనా ఉందేమో చూపిద్దామని గిటారు పెట్టె నేనే ఎత్తుకుని ప్యాసింజరెక్కి తాండూరు పోయాను. స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో మొహియుద్దీన్ దుకాణం. ఒక బల్ల, గోడ నిండా మూతల్లేని రేడియోలు. ఆయన యాభై దాటిన బక్క మనిషి. నన్ను చూసి బల్లకు ఇవతల ఉన్న స్టూలు తుడిచాడు.

"కూసోండమ్మా. నేను జేసే పని చూస్కుంట ఉండాలె. చూడకపోతే పని చెయ్య."

రేడియో మెకానిక్కులు మంచి సామాను తీసి పాతది పెడతారని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఇంత బతిమాలి చూడమంటున్నాడంటే ఇంకేదో కనికట్టు ఉందనుకున్నాను. పెట్టెలో ఏమేం ఉన్నాయో ఆయన కంట పడకుండా వీపు తిప్పి తెరిచాను. ముడి విప్పి, గిటారుకు గుచ్చిన వైరు పీకి పెట్టెలోనే దాచి, గిటారు ఒక్కటే బల్ల మీద పెట్టాను. వారం వారం బ్యాటరీ అయిపోతోందని చెప్పాను.

ఆయన వెనక మూత విప్పాడు. ఊడదీసిన ప్రతి స్క్రూనూ నా అరచేతిలో వేశాడు. "ఆరు. ఆరే ఉన్నయా?" అని నాతో లెక్క చెప్పించాడు. లోపలి ప్రతి వైరునూ నాకు చూపించాకే ముట్టుకున్నాడు. నాకు చిరాకు పుట్టింది.

"గింత భయమెందుకు భాయ్? ఎప్పుడన్న ఎవలదన్న తీసినవా?" అని అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. "తీసిన్నన్నరు. ఒక పెద్దమనిషి రేడియోల వాల్వు మార్చిన్నని నన్ను బజార్ల నిలబెట్టిండ్రు. దుకాణమంత తిర్లమర్ల చేసిండ్రు. నెల దాటినంక ఆ వాల్వు వాళ్ళింట్ల అల్మారిలనే దొరికిందట."

"మరి వచ్చి చెప్పలేదా?"

"ఎవ్వలు రాలే. పన్నెండేండ్లాయె."

నేను నమ్మలేదు. తీసే ఉంటాడు, లేకపోతే ఇన్నేళ్ళు ఎందుకు చెప్పుకుంటాడు అనుకున్నాను.

పాత బ్యాటరీని నాలుక మీద తాకించి చూసి పక్కన పెట్టాడు. తన దగ్గరున్న కొత్తది తగిలించి, మధ్యలో మీటరు పెట్టాడు. ముల్లు కదలలేదు. కరెంటు ఎక్కడా కారిపోవడం లేదన్నాడు. తన వైరు గుచ్చి దుకాణంలోని మైక్ సెట్టుకు కలిపి వాయిస్తే గిటారు ఖంగున మోగింది. వాయించడం ఆపితే మాత్రం గుయ్యిమని రొద. తీగల కింద నుంచి వచ్చే ఒక సన్న వైరు అతుకు ఊడిందని కనిపెట్టి, దాన్ని కాల్చి అతికించాడు. రొద ఆగింది. మీట తిప్పితే వచ్చే గరగర కూడా స్పిరిటు చుక్కతో పోయింది. తన వైరు పీకేసి మళ్ళీ మీటరు చూశాడు.

"గివి బ్యాటరీని తినే రోగాలు కావు. లోపల తప్పేం లేదమ్మా. వారమంత దీన్ని ఎవరో నడిపిస్తున్నరు."

మత్తయ్య అన్నదే ఈయనా అంటున్నాడు. నా తమ్ముడు నా కళ్ళు కప్పాడు, నా నడుము మీది తాళంచెవి తీశాడు, పైగా నన్నే నిలదీశాడు. ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. పెట్టె ఇమ్మన్నాను.

"జర ఆగుండి," అన్నాడు ఆయన. "రోజు పెట్టెల ఎట్ల పెడ్తరో గట్లనే నా ముంగట పెట్టుండి. వస్తువు ఇంట్ల ఎట్లుంటదో చూడనిది నాకు సమజ్ కాదు."

మీటరు ఇంకా తగిలించే ఉంది. విసురుగా పెట్టెలోంచి వైరు తీశాను. పోకూడదని ఎప్పుడూ చేసినట్టే దాని పిన్ను గిటారుకు గుచ్చాను, మెడ చుట్టూ చుట్టాను, గుడ్డపీలికతో మూడు మెలికలు వేసి బిగించాను.

"గిట్ల పెడ్త. ఏం తప్పు?" అన్నాను.

ఆయన మీటరు నా వైపు తిప్పాడు. ముల్లు పైకి లేచి ఉంది. వైరు పీకాడు, పడిపోయింది. గుచ్చాడు, లేచింది.

"దీనికి వేరే స్విచ్చి లేదమ్మా. గీ పిన్నే స్విచ్చి. గుచ్చి పెడితే రాత్రింబగళ్ళు బ్యాటరీ నడుస్తనే ఉంటది."

ఏసుదాసు పెట్టె తెరిచి ఎరుగడు, నేను తెరవనిస్తే కదా. ప్రతి ఆదివారం నేనే ముడి విప్పి గిటారు చేతికిస్తాను, వాడు వైరు రెండో కొన మైక్ సెట్టుకు పెట్టుకుంటాడు. పాటలు అవగానే నేనే లాక్కుని కట్టేస్తాను. దొంగలకు భయపడి నేను వేసిన ముడే మూడు బ్యాటరీలను మింగింది.

నా ముఖం చూసి ఆయనకు అంతా అర్థమైనట్టుంది. ఒక చీటీ మీద తెలుగులో రాసిచ్చాడు: లోపల వైరు ఊడింది, బాగుచేయబడినది. "వైరు ఊడిన మాట నిజమే. గిది చూపించుండి. ఎవ్వల పేరు రాదు."

ఆ చీటీ చాలు. తమ్ముడు బయటపడతాడు, నేనూ బయటపడతాను. రైల్లో వికారాబాదు దాకా దాన్ని పిడికిట్లోనే పట్టుకున్నాను. అయినా "ఎవ్వలు రాలే" అన్న ఆయన మాటే చెవిలో తిరిగింది. తమ్ముడి చొక్కా వాసన చూసింది గిటారు వైరు కాదు, నేను.

ఆదివారం కమిటీ కూర్చుంది. ఏసుదాసు గోడ పక్కన తల దించుకుని నిలబడ్డాడు. మత్తయ్య నోరు తెరవకముందే నేను లేచాను.

"బ్యాటరీలు పాడు చేసింది నేను. వారమంత వాడు గిటారు ముట్టనే లేదు. వాన్ని అనుమానపడ్డది గూడ తప్పే, అండ్ల మొదటిదాన్ని నేనే." పిన్ను గుచ్చి, పీకి, ముడి వేసి అందరికీ చూపించాను. నవ్వినవాళ్ళు నవ్వారు. మత్తయ్య దగ్గి, దుబాయిలో కూడా ఈ ముక్క ఎవరూ చెప్పలేదన్నాడు. ఏసుదాసును ఉండనిచ్చారు. ఆ మధ్యాహ్నం వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

"అక్కా, చొక్కా పిండి ఆరేసిన. మళ్ళ వాసన చూస్తవా?" అన్నాడు. నవ్వుదామనుకుని ఏడ్చాను.

ఆ బుధవారం మళ్ళీ ప్యాసింజరెక్కాను. మొహియుద్దీన్ బల్ల మీద ఎవరిదో రేడియో ఉంది. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"మళ్ళ ఖరాబైందా?"

"లేదు భాయ్. మావోని తప్పు లేదని అందరి ముంగట చెప్పిన. తప్పు నాదని గూడ చెప్పిన. గది నీకు చెప్పిపోదామని వచ్చిన." ఆయన చీటీ ఆయనకే తిరిగిచ్చాను. "నిన్ను గూడ అనుమానపడ్డ. వాల్వు తీసే ఉంటవనుకున్న."

"గిది చెప్పనీకి రైలెక్కి వచ్చినవా అమ్మా?"

"గిందుకే."

ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత స్టూలు చూపించాడు, కూర్చున్నాను. అలవాటు కొద్దీ రేడియో స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి నా అరచేతిలో వేయసాగాడు. నేను వాటిని తిరిగి ఆయన బల్ల మీద పెట్టాను.

"నీ దగ్గరనే ఉండనీ భాయ్," అన్నాను. తర్వాత బల్లకు వీపు పెట్టి, స్టూలు బజారు వైపు తిప్పుకుని కూర్చున్నాను.