కళ్లు మూసుకుని చూసిన అక్క

మా పై క్వార్టర్‌ అక్కను తలచుకుంటే, కంప్యూటరు ముందు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్న మనిషే గుర్తొస్తుంది.

మా మామ్మకు చూపు పోయింది. చనిపోయిన తాతయ్య పాడిన పాటలు మా కంప్యూటర్లో ఉన్నాయి. వినాలనిపించిన ప్రతిసారీ మమ్మల్ని పిలవలేక ఆమె ఊరుకునేది. బిలాస్‌పూర్‌ రైల్వే ఆఫీసులో కంప్యూటర్లు చూసే అక్క ఆ సంగతి కనిపెట్టి, ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది.

ఏ పరికరం తగిలించినా పసిగట్టే ప్రోగ్రామొకటి కంప్యూటరు లోపల ఎప్పుడూ నడుస్తుంటుందట. మామ్మ కోసం ఒక పెన్‌డ్రైవ్‌ తెచ్చి, అది పెడితే పాట మొదలవ్వాలని, తీస్తే ఆగాలని అక్క దానికి నేర్పింది. తీరా చూస్తే, మౌస్‌ తగిలించినా తాతయ్య గొంతెత్తాడు!

"అచ్ఛా, దీనికి ఎవులొచ్చినా సుట్టాలే!" అని అక్క నవ్వి, మామ్మ పెన్‌డ్రైవ్‌ ఒక్కదాన్నే గుర్తుపట్టేలా సరిచేసింది.

తర్వాత కళ్లు మూసుకుని తనే పెట్టబోయింది. ఎంత తడిమినా పెన్‌డ్రైవ్‌ పెట్టే సందు దొరకలేదు.

"నాకే దొరకలేదు, మామ్మగారికి ఎలాగ దొరుకుద్ది?" అంటూ నుదుటి మీది రాళ్ల స్టిక్కరు తీసి ఆ సందు పక్కన అంటించింది.

మామ్మ ఆ రాళ్లను వేలితో తడిమి, పెన్‌డ్రైవ్‌ పెట్టింది. పాట మొదలైంది. వెంటనే తీసేసింది.

"ఏటయ్యింది మామ్మా?" అన్నాను కంగారుగా.

"ఏటీ అవలేదు. మీరందరూ బయటికెళ్లండి. మీ తాతా నేనూ ఇద్దరమే ఉండి సానా రోజులైంది."

అందరికంటే ముందు అక్కే లేచింది. మమ్మల్ని వరండాలోకి తోలి, తలుపు దగ్గరగా వేసింది.