సి బ్లాకు సంతకాలు

గిస్లేన్ డెల్‌ప్లాంక్ ముప్ఫై ఒక్క ఏళ్లు మా పేట మునిసిపల్ ఆఫీసులో రెండో కౌంటరు దగ్గర కూర్చుంది. బిడ్డ పుడితే ఆమె దగ్గరికే వెళ్లాలి, గుర్తింపు కార్డు పోతే ఆమె దగ్గరికే, బడిలో మధ్యాహ్న భోజనానికి పేరు రాయించాలన్నా ఆమె దగ్గరికే. నగరం నడిబొడ్డున గంట గోపురంతో పెద్ద మునిసిపల్ భవనం ఉంది. మేయరు అక్కడే కూర్చుంటాడు. ప్రాంతం మొత్తానికి రాజధాని కాబట్టి ఆ చుట్టుపక్కల ఇంకా పెద్ద పెద్ద ఆఫీసులున్నాయి. కానీ బ్రిక్‌తెరీ వాళ్లకి ప్రభుత్వం అంటే గిస్లేనే.

బ్రిక్‌తెరీ అంటే ఇటుకబట్టీ. బట్టీ మా తాతల నాడే చల్లారింది. పేరు మాత్రం మిగిలింది. దాంతో పాటు ఎర్ర ఇటుక ఇళ్ల వరసలు రెండు, వాటి వెనక పదేసి అంతస్తుల బ్లాకులు మూడు. నేను సి బ్లాకు ఆరో అంతస్తులో పుట్టి పెరిగి, ఆ ఇంట్లోనే కాపురం పెట్టాను. సిటీ బస్సు నడుపుతాను. గిస్లేన్ మా ఎదురు వరసలో, చనిపోయిన తల్లి నుంచి వచ్చిన ఇటుక ఇంట్లో ఒంటరిగా ఉండేది. పొడుగు మనిషి, కాస్త ముందుకి వంగి నడిచేది. మాట కటువు.

"ఫొటోలో నవ్వావు. నవ్వితే కార్డు రాదు. మళ్లీ దిగి రా," అంది ఒకసారి నాతో.

"నా మొహమే అంత మదామ్."

"అయితే ఈసారి ఏడుస్తూ దిగు."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు, ఆమె తప్ప. అయినా ఆ సాయంత్రం ఆఫీసు మూసే వేళ దాటినా నా కోసం ఆగి, ఆ కాగితాలు పంపించాకే ఇంటికి వెళ్లింది. ఆమె పద్ధతే అది.

ఆమె దగ్గరికి అందరికన్నా ఎక్కువగా వచ్చేది మూడో అంతస్తు స్లిమాన్ బెల్‌హద్రీ. అల్జీరియా నుంచి కుర్రతనంలో వచ్చి, ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఫ్రెంచి బాగానే మాట్లాడేవాడు కానీ చదవడం రాదు. ఏ ఉత్తరం వచ్చినా విప్పకుండా తెచ్చి కౌంటరు మీద పెట్టేవాడు. "చూడు తల్లీ, ఈసారి ఏం తప్పు చేశానో," అనేవాడు. కాలవ ఒడ్డున మునిసిపాలిటీ ఇచ్చిన చిన్న తోట ముక్కలో పుదీనా, బఠానీలు, కొత్తిమీర పండించేవాడు. వాటిలో ఒక కట్ట ఉత్తరంతో పాటు కౌంటరు ఎక్కేది. "లంచం తీసుకోనని చెప్పాను కదా మొస్యూ స్లిమాన్," అనేది గిస్లేన్, కట్టని సంచిలో పెట్టుకుంటూ.

సి బ్లాకుని పడగొట్టి పేటని బాగు చేస్తామని మునిసిపాలిటీ ప్రకటించినప్పుడు మాలో ఎవరూ ఒప్పుకోలేదు. లిఫ్టు వారానికి మూడు రోజులే పనిచేసేది, గోడలు చెమ్మ పట్టేవి, అదంతా నిజమే. కానీ పడగొట్టాక మేమెక్కడికి పోవాలి? నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం బడి వ్యాయామశాలలో సమావేశం పెట్టారు. పేటల వ్యవహారాలు చూసే ఉప మేయరు కోర్‌మోన్ వచ్చాడు. గిస్లేన్ పేట సంఘానికి కార్యదర్శి కూడా, అందుకని పక్కన బల్ల దగ్గర కూర్చుని ఎవరేమన్నారో మినిట్స్‌లో రాస్తోంది.

"మీలో ఒక్కరు కూడా ఈ పేట దాటి పోనక్కర్లేదు," అన్నాడు కోర్‌మోన్, చెయ్యి గుండె మీద పెట్టుకుని. "ఇక్కడే కొత్త ఇళ్లు కడతాం. ముందు మీకే ఇస్తాం. ఇది నా మాట."

సోమవారం ఉదయం ఆయన ఆఫీసు నుంచి గిస్లేన్‌కి ఫోను వచ్చింది. మినిట్స్‌లో ఒక్క వాక్యం భాష సరిచెయ్యాలన్నారు. 'ఈ పేటలోనే' అన్నచోట 'వీలైనంతవరకు నగర పరిధిలో' అని రాయమన్నారు. న్యాయ విభాగం వాళ్లకి అలాగే ఉండాలట, అర్థం ఒకటేనట. దాదాపు ముప్ఫై ఏళ్లుగా పైవాళ్లు చెప్పినట్టు భాష సరిచేయడం ఆమెకి అలవాటైన పని. ఆ వాక్యాన్ని మళ్లీ టైపు చేసి, కింద సంతకం పెట్టి పంపించింది. ఇదంతా తర్వాత ఆమే నాతో చెప్పింది. అప్పుడు చెయ్యి కూడా ఆగలేదట.

ఆ తర్వాత, ఇళ్లు ఖాళీ చేయడానికి ఒప్పుకుంటున్నామని మేం సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రాలు వచ్చాయి. వాటితో ఇంటింటికీ తిరిగింది కూడా గిస్లేనే. మునిసిపాలిటీ మనిషి ఎవరొచ్చినా మావాళ్లు తలుపు తీసేవాళ్లు కాదు. ఆమె వస్తే కాఫీ ఇచ్చారు. స్లిమాన్ ఇంటికి ఆమె వెళ్లినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఆయన టీవీ తీగ బాగుచేస్తూ.

"చదివి వినిపించనా?" అంది.

"ఎందుకు? నా కాగితాలన్నీ ఇన్నాళ్లూ నువ్వేగా చదివావు. మంచిదేనా, అది చెప్పు చాలు."

"మంచిదే. ఇక్కడే, లిఫ్టు పనిచేసే ఇల్లొస్తుంది."

"తోట?"

"ఇప్పటిలాగే నడిచి వెళ్లొచ్చు."

"అయితే ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. నేనూ అక్కడే ఆయన బల్ల మీద నా సంతకం పెట్టాను. ఎనభై ఇళ్లలో డెబ్భై నాలుగు ఇళ్లు సంతకాలు పెట్టాయి.

వసంతంలో ఉత్తరాలు రావడం మొదలైంది. స్లిమాన్‌కి వచ్చిన ఇల్లు బయటి రింగురోడ్డు కూడా దాటి, ఎక్కడో బీటు దుంపల పొలాల మధ్య ఉన్న ఊళ్లో. ఐదో అంతస్తు వాళ్లకి ఇంకో దిక్కున. మాకు రైల్వే యార్డు అవతల. ఇష్టం లేదంటే ఇంకో రెండు చూపిస్తారు, అవీ కాదంటే ఇక ఏమీ ఉండదు. గిస్లేన్ ఉత్తరాలన్నీ పట్టుకుని కోర్‌మోన్ దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి ఫైలు తెరిచాడు.

"నేనెప్పుడూ అలా అనలేదే మదామ్. ఇవిగో మినిట్స్. కింద సంతకం మీదే కదా?"

ఆమె తన వాక్యాన్ని చదువుకుంది. రెండోసారి కూడా చదువుకుంది. తర్వాత ఏం మాట్లాడిందో, ఎలా బయటికి వచ్చిందో తనకి గుర్తులేదంది.

జూన్‌లో కౌన్సిల్ సమావేశానికి వెళ్లి ప్రేక్షకుల బెంచీల్లో కూర్చుంది. మేమూ పదిహేను మందిమి వెళ్లాం. మా పేట విషయం వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది. ఆమె గొంతు అంత పెద్దగా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

"పేటలోనే ఇస్తానన్నాడు! నేను విన్నాను, నేనే రాశాను! మార్చిందీ నేనే! వాళ్లు మార్చమంటే మార్చాను!"

"ప్రేక్షకులకి మాట్లాడే హక్కు లేదు," అన్నాడు మేయరు, కాగితాల్లోంచి తలెత్తకుండా. ఇద్దరు గార్డులు వచ్చి ఆమె మోచేతులు పట్టుకున్నారు. మర్నాడు పేపర్లో 'సభకి స్వల్ప అంతరాయం' అని నాలుగు లైన్లు వచ్చాయి. ఆఫీసు నుంచి ఆమెకి హెచ్చరిక ఉత్తరం వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మావాళ్ల దగ్గర తగిలింది. అప్పటిదాకా ఆమె కూడా మోసపోయిందనుకున్నారు. ఇప్పుడు 'మార్చిందీ నేనే' అన్న మాట పట్టుకున్నారు. రొట్టెల దుకాణం వరసలో ఎనిమిదో అంతస్తు అసేతు జియారా ఆమెని నిలదీసింది.

"ఒక్క లైనే కదా అనుకున్నావా? మేమంతా ఉన్నది ఆ లైన్లోనే."

గిస్లేన్ రొట్టె తీసుకోకుండానే వెళ్లిపోయింది.

"పోనీలే అసేతూ, ఆవిడా మనలాంటిదే," అన్నాను.

"మనలాంటిదా? ఆవిడ ఇల్లు ఎవడైనా పడగొడుతున్నాడా ఫిర్మాన్?"

నేను డబ్బులిచ్చి నా రొట్టె తీసుకున్నాను.

శరత్కాలానికి బ్లాకు ఖాళీ అయింది. మేం రైల్వే యార్డు అవతలికి మారాం. స్లిమాన్ ఆఖరున వెళ్లాడు. తోట ముక్క మా నగరవాసులకే కాబట్టి అదీ వేరేవాళ్లకి రాసేశారు. గిస్లేన్ ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి ఆయన దగ్గరికి వెళ్లేది. ఆ ఊళ్లో ఆయనకి తెలిసినవాళ్లు లేరు, కూర్చోడానికి కాఫీ దుకాణం కూడా లేదు. కిటికీలోంచి కార్లు ఆపుకునే చోటు కనబడేది, అంతే. కొన్నిసార్లు మొదటి బస్సు నాదే అయ్యేది. ఆమె నా వెనక సీట్లో కూర్చునేది.

ఆయనకి అసలు సంగతి తెలియదు. కోపం కూడా లేదు. "చదువుకున్నదానివి, నిన్నే మోసం చేశారు. నేనెంత తల్లీ," అనేవాడట. అదే ఆమె భరించలేకపోయింది. జనవరిలో ఒక ఆదివారం ఆయనకి మొత్తం చెప్పేసింది, ఫోనూ, వాక్యమూ, అన్నీ.

స్లిమాన్ కిటికీ వైపు తిరిగాడట.

"ఇది నాకెందుకు చెప్పావు?" అన్నాడట. "ఇక్కడికొచ్చాక నాకు మిగిలింది నువ్వు రావడమొక్కటే. అదీ తీసేశావు."

మరుసటి ఆదివారం ఆయన తలుపు తీయలేదు. లోపల రేడియో వినబడుతూనే ఉందట. ఆ తర్వాతి వారమూ అంతే. ఫిబ్రవరిలో ఆమె వెళ్లేసరికి రేడియో కూడా లేదు. పక్కింటివాళ్లని పిలిచి, అగ్నిమాపక సిబ్బంది చేత తలుపు తీయించింది. ఆయన పోయి నాలుగు రోజులైందని డాక్టరు చెప్పాడు. ముప్ఫై ఏళ్లు ఇతరుల మరణాలు రిజిస్టర్లో రాసిన మనిషి, అక్కడి ఆఫీసులో కౌంటరు ఇవతల నిలబడి, ఆయన పుట్టిన ఊరి పేరు అక్షరాలు విడగొట్టి చెప్పింది. చుట్టం ఎవరో మార్సేయ్ నుంచి వచ్చాడు. ఖననానికి వెళ్లిన ఏడుగురిలో నేనూ ఉన్నాను. ఆమె అందరికన్నా వెనక, దారి మీదే నిలబడిపోయింది. రమ్మని సైగ చేశాను, తల అడ్డంగా ఊపింది.

మరుసటేడు మా పేట ఆఫీసు మూసేశారు. పనులన్నీ ఇంటర్నెట్‌లో చేసుకోమన్నారు. గిస్లేన్‌ని నగరం మధ్యలో ఫోనులు ఎత్తే గదికి మారిస్తే, కొన్ని నెలలు చేసి ముందే రిటైరైంది. సి బ్లాకు ఉన్న చోట కంచె వేశారు. కొత్త ఇళ్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. ఆమె ముందుగది కిటికీ ఎదురుగా ఉన్నది ఆ ఖాళీ జాగానే.

మునిసిపల్ ఎన్నికల ఆదివారం బస్సుని బడి దగ్గర ఆపితే, పోలింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ఆవిడ బయటికి వచ్చింది. "గిస్లేన్ ఓటుకి రాలేదండీ. ఇన్నేళ్లలో మొదటిసారి. మీకు విరామం ఉంటే ఒకసారి చూసి రారూ?" అంది.

వెళ్లాను. తలుపు గడియ వేసి లేదు. చెక్క తలుపులు సగం మూసిన కిటికీ పక్కన కూర్చుని ఉంది, కోటు వేసుకుని.

"ఓటుకి వెళ్లబోతున్నారా?"

"లేదు. చలిగా ఉంది, అంతే." కోటు దగ్గరికి లాక్కుని, "ఓటర్ల జాబితాలోంచి నా పేరు తీసేయమని రాశాను ఫిర్మాన్," అంది.

"అలా తీయరుగా."

"తీయరట. ఇక్కడ ఇల్లున్నంత కాలం నేను ఇక్కడిదాన్నేనట. జవాబు రాశారు, చాలా మర్యాదగా."

కాఫీ పెట్టనా అని అడిగాను. వద్దంది. మా ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. చెప్పాను. వింటున్నట్టే తలూపింది. ఈలోగా నా బస్సు టైమైంది. తలుపు దగ్గరగా వేసి, వీధి దాటి వచ్చేశాను.