మూడేళ్ళ పెళ్ళి మాటలు తప్పించుకొని పూన్ హిల్‌కు

మే నెల రెండో సోమవారం సాయంత్రం ఏడున్నరకు బళ్ళారిలో హైదరాబాదు బస్సెక్కాం, నేనూ మురళీ. గాజుల సరుకు కోసమని నేను, ట్రాక్టరు సామాన్ల కోసమని ఆయన ఇళ్ళలో చెప్పాం. నిజానికి నేపాలులో కొండెక్కి పెళ్ళి చేసుకోవడానికి పారిపోతున్నాం. నాకు ముప్పై ఆరు, ఆయనకు నలభై. పారిపోయే వయసు కాదని మా మోకాళ్ళకు తెలుసు.

మా పెళ్ళికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే చిక్కు. మాది కౌల్ బజారులో గాజుల దుకాణం. వాళ్ళది తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కంప్లి దగ్గర కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. మూడేళ్ళ కిందటే తండ్రులిద్దరూ సరేనన్నారు. ఆపైన మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళి బళ్ళారిలోనా, కంప్లిలోనా? పురోహితుడు ఎవరి తరఫు? ఆదివారం కూర్చోవడం, ఏమీ తేలకుండా లేవడం. నేనూ తక్కువ తినలేదు. లోపలి గదిలోంచి నాయనకు ‘తగ్గొద్దు’ అని సైగలు చేసినదాన్నే. కాలువకు నీళ్ళు వదిలితే మురళి పొలం విడిచి రాడు, ఈ ఏడూ పోతుంది. పారిపోదామన్నది నేనే.

హైదరాబాదు నుంచి గోరఖ్‌పూర్‌కు రైల్లో ఒకటిన్నర రోజు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మమ్మల్ని ఆదుకున్నాయి. ఎదురు సీటు పెద్దావిడ కొత్త దంపతులా అని హిందీలో అడిగింది. మా బజారు ఉర్దూ కలిపి, “ఇంకా కాలేదు, కొండెక్కాక అవుతాం” అన్నాను. ఆవిడ ఏమనుకుందో, తన మామిడికాయ పచ్చడి సీసా మొత్తం మా చేతిలో పెట్టింది.

గోరఖ్‌పూర్ నుంచి సోనౌలీకి బస్సులో మూడు గంటలు. అక్కడ సరిహద్దు గేటును నడిచే దాటాం. మా ఓటరు కార్డులు చూసి పంపించారు. వెళ్ళేవాళ్ళు వంద రూపాయల నోట్లు పట్టుకెళ్ళండి, పెద్దనోట్లంటే అక్కడివాళ్ళు మొహం చిట్లిస్తారు. రాత్రి అవతలి ఊళ్ళో పడుకుని, పొద్దున ఆరింటి బస్సుకు బయలుదేరితే మూడు దాటాక పోఖరా. కొండదారి అనుమతికి కట్టే రుసుము మిగతా విదేశీయులకన్నా మనకు బాగా తక్కువ. అడక్కుండానే తగ్గించిన ధర నా జన్మలో అదే మొదటిది. ఆ ఉత్సాహంలో మాకు దారి చూపడానికి వచ్చిన మాయ దగ్గర రోజుకూలి తగ్గించమని బేరం పెట్టాను. యాభై ఏళ్ళ మనిషి, నవ్వి ఒప్పుకుంది. మరునాడు జీపు దిగి నడక మొదలవగానే నా సంచి కూడా తన భుజానికి ఎత్తుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. తగ్గించిన కూలి ఆ నిమిషమే మళ్ళీ పెంచేశాను.

ఉల్లేరి ఊరికి ఎక్కేదంతా రాతిమెట్లు. ఒక్కో బండా మనిషి వీపు మీద మోసి తెచ్చి పరిచిందట. గంటలు మోగిస్తూ కంచరగాడిదలు, నుదుటి పట్టెతో గ్యాసు సిలిండరు మోస్తూ ఆడవాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. పన్నెండుకు మురళి ఒక మెట్టు మీద కూలబడ్డాడు.

“గిరిజా, ఇంటికి ఒక్క ఫోన్ చేద్దాం. చెప్పకుండా తాళి కట్టాలంటే నాకు చెయ్యాడదు.”

“చేస్తే మళ్ళా మొదలవుతాది. మీ నాయన కంప్లి అంటాడు, మా నాయన బళ్ళారి అంటాడు.”

“అననీ.”

“అయితే నేను దిగిపోతాండా!”

దిగాను. మా వ్యాపారంలో కొనేవాళ్ళ కడపటి ఆయుధం అదే. దుకాణం మెట్లు దిగితే పదో అడుగులో “రాండమ్మా” అని వెనక్కి పిలుస్తారు. పది మెట్లయ్యాయి, నలభై అయ్యాయి, పిలుపు లేదు. తిరిగి చూస్తే మాయకు చెనిక్కాయలు పంచుతున్నాడు. అరవయ్యో మెట్టు మీద ఆగాను. ఈ మనిషి నిజంగానే పిలవడు. ఫోన్ కాదు, పెళ్ళే పోతుంది. రొప్పుకుంటూ అరవై మెట్లూ ఎక్కాను.

“కిందేమైనా మరిచిపోయారా దీదీ?” అంది మాయ.

“నన్ను పిలిస్తే నీ సొమ్మేం పోతాదప్పా?” అన్నాను మురళితో.

“పిలిస్తే ఫోన్ వద్దనాల్సి వస్తాది. పిలవాలనే ఉండె, అయినా గమ్మునుండా.”

“సరే, చేద్దాం,” అన్నాను. అడిగిన ధరకు ఒప్పుకోవడం నాకు చేతనవుతుందని అప్పుడే తెలిసింది.

ఉల్లేరిలో నిద్ర. మరునాడు రెండింటికి ఘోరేపానీ చేరి, బస దిగినచోటి నుంచి ఫోన్ చేశాం.

“యాడుండావే?” అన్నాడు నాయన.

“నేపాల్లో, కొండ మీద. రేపు పొద్దున మురళి తాడు కడతాడు. నీకు చెప్పే కట్టాలంటాడు.”

ఆయన దుకాణంలోనే ఉన్నాడు. ఎవరో గాజులడిగితే “రేపు రాండమ్మా” అనడం వినబడింది. వచ్చిన గిరాకీని ఆయన పంపేయడం నేనెరగను. “కానీ. ఈడికొచ్చినంక మాట్లాడుదాం,” అని పెట్టేశాడు.

మురళి నాన్న, “మీ మామగారు ఏవన్నారు?” అని ముందు కనుక్కుని, “నేనూ అదే అంటన్నాను. వచ్చాక మాట్లాడదాం,” అన్నారు. ఆ మాటకు అర్థం మాకు మూడేళ్ళుగా తెలుసు.

తెల్లవారుజామున నాలుగుకు నడక మొదలుపెట్టి అయిదుకల్లా పూన్ హిల్ పైన ఉన్నాం. ఎదురుగా ధవళగిరి కొస మొదట వెలిగింది, తరువాత అన్నపూర్ణ వరస. గాజుల కొట్లో పుట్టి రంగులకు పేర్లు పెట్టి అమ్మేదాన్ని, ఆ మంచు మీది రంగుకు నా దగ్గర పేరు లేదు. నా మెడలో పసుపుకొమ్ము తాడుకు మురళి రెండు ముళ్ళు వేశాడు. ఆడపడుచులా మాయ వెనకనుంచి తాడు పట్టి మూడో ముడి వేయించింది, కొంగున కట్టుకొచ్చిన బియ్యం మా తలల మీద చల్లింది. పక్కనున్న ఇద్దరు కొరియావాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ఎనిమిదికల్లా మబ్బు కమ్మేసింది, కాబట్టి వెళ్ళేవాళ్ళు బద్ధకించకండి.

తిరుగు రైల్లో ఇళ్ళకు చెప్పాల్సిన జవాబులు వల్లించుకున్నాం. మధ్యలో మురళి నిద్రపోయాడు. ఒకరి బరువు ఒకరు మోసే మనుషులను అన్ని రోజులు చూశాక, నాకు జవాబుల మీద పెద్ద నమ్మకం మిగల్లేదు.

హైదరాబాదులో బస్సెక్కుతూ రెండిళ్ళకూ ఫోన్ చేశాం. పొద్దున ఆరుకు బళ్ళారిలో దిగితే, బస్టాండు టీ అంగడి బల్ల మీద ఇద్దరు తండ్రులూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నాయన నా మెడకేసి చూశాడు.

“పసుపుకొమ్ము యాడ కొంటివి?”

“మన బజార్లోనే, పోయే ముందర.”

“ఎంతకిచ్చినాడు?”

“అడిగినంత ఇచ్చినా నాయనా.”

నన్ను ఎగాదిగా చూశాడు. తరువాత మురళి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. మూడేళ్ళుగా ఆయన్ని “ఏమప్పా” తప్ప మరోమాట పిలిచి ఎరగడు.

“లెయ్యి బావా,” అన్నాడు. “మా ఇంట్లో ఇంత తిని, అందరం కంప్లికి పోదాం.”