తడవని సర్టిఫికెట్

లైసెన్సు రెన్యూవల్ కోసం ఏటా పెట్టే క్లాసుకు ఈ ఆర్కిటెక్టు అందరికంటే ముందే వస్తాడు. చదువు మీద ప్రేమతో కాదు, బిస్కెట్ల పళ్ళెం పక్కనున్న కుర్చీ కోసం. హాజరు సంతకం గీకేసి, క్రీమ్ బిస్కెట్లు విడదీసి, గారపట్టిన పళ్ళతో క్రీమంతా గోకి, ఎంగిలి ముక్కల్ని మళ్ళీ పళ్ళెంలోనే పెడతాడు. క్రీమంటిన వేలిని నాలుకతో తడిపి పాఠం కాగితాలు తిప్పుతాడు. ఆ తర్వాత నోరు తెరుచుకుని నిద్ర. చొంగ కారి కాలరు మీద చారలు కడుతుంది.

ఈసారి పాఠం, కిటికీల్లోంచి వాననీళ్ళు లోపలికి రాకుండా పాటించాల్సిన కొత్త నిబంధనలు. అదంతా దున్నపోతు మీద వానే. సగంలో కూతురి ఫోను ఆయన్ని లేపింది. ఆమె ఇంటి ప్లాను గీసిందీ ఆయనే, ముందువైపు నున్నగా కనబడాలని కిటికీల పైన సన్‌షేడ్లు తీయించేసిందీ ఆయనే.

"నాన్నా, గోడంతా మళ్ళీ నల్లగా బూజు పట్టింది. పాపకి దగ్గు తగ్గట్లేదు. ఒక్కసారి వచ్చి చూడవా?"

"గుడ్డ అడ్డం పెట్టమన్నానుగా! కిటికీల క్లాసులో ఉన్నానమ్మా, విసిగించకు," అని పెట్టేశాడు. అంతలో క్లాసులోని తెర మీద, కిటికీ కింద బూజుతో నల్లబడిన గోడ ఫొటో ఒకటి పడింది. "ఏ గాడిద గీశాడో!" అని పొట్ట ఊగేలా నవ్వాడు. సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చేసరికి బయట జోరున వాన. ఆయన తనదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అంచు మడిచి, ఎక్కడా చుక్క దూరదని ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని, చొక్కా లోపల దోపుకుని బయల్దేరాడు.